ముందు కట్టు, తర్వాత అడుగు

ఆదోని మున్సిపాలిటీ పుట్టింది 1865లో. అప్పట్లో ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ కింద బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్రలో కలిసింది. పాలించేవాళ్లు మారారు, జిల్లా మారింది, జెండాలు మారాయి. మారనిది ఒక్కటే, టౌన్ ప్లానింగు సూత్రం: ముందు కట్టు, తర్వాత అడుగు. ముప్పై కిలోమీటర్ల అవతలున్న ఎమ్మిగనూరు కూడా ఈ సూత్రాన్నే భక్తిగా పాటిస్తోంది. పత్తిలో, నూనెలో, నేతలో ఎవరి ఘనత వారిది గానీ ఈ విషయంలో మాత్రం రెండూ ఒక తల్లి బిడ్డలే.

మనవాళ్లను తిట్టి లాభం లేదు. 1953లో కర్నూలు రాజధాని అయినప్పుడు సర్కారే వచ్చి గుడారాల్లో దిగింది. ప్రభుత్వమే డేరాల్లో కాపురం పెట్టిన జిల్లాలో సామాన్యుడు సెట్‌బ్యాకు వదల్లేదని అలిగితే ఎట్లప్పా?

ముందు వెంచర్ల సంగతి. నల్లరేగడిలో పత్తికట్టె పీకీ పీకగానే పసుపు, ఎరుపు రంగులేసిన హద్దురాళ్లు మొలుస్తాయి. వాటి వెనకే ఆర్చి లేస్తుంది. ఆర్చి వెనకే కరపత్రం. ‘బస్టాండుకు ఐదు నిమిషాలు, నూరు శాతం వాస్తు, భవిష్యత్తులో జిల్లా కేంద్రం.’ ఐదు నిమిషాలంటే ఏ బండి మీద, ఏ వేళలో అని అడగకూడదు. రోడ్డు ఉంటుంది, తారు ఉండదు. కాలువ ఉంటుంది, అది పోయి కలిసే చోటు ఉండదు. కరెంటు స్తంభం ఉంటుంది, తీగ ఉండదు. ఒక్క వాన పడితే చాలు, మట్టి కొన్నవాడి చెప్పును పట్టుకుని వదలదు. వాడు బ్రోకరును పట్టుకుందామంటే ఫోను స్విచాఫ్.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2017 లేఔట్ నిబంధనలు తీసి చదవండి, కడుపు నిండిపోతుంది. మొత్తం విస్తీర్ణంలో 10 శాతం పార్కుకు, ఆటస్థలానికి వదలాలి. దాన్ని, రోడ్లను మున్సిపాలిటీకి ఉచితంగా రాసివ్వాలి. కొన్ని ప్లాట్లు తనఖా పెట్టి, రోడ్లు, కాలువలు, దీపాలు పూర్తి చేశాకే విడిపించుకోవాలి. ఎంతో ముచ్చటైన నిబంధనలు. అంత మంచివి కాబట్టే వాడితే మాసిపోతాయని మనవాళ్లు బీరువాలో దాచారు.

నిబంధన పాటించనివాడికి శిక్ష ఏమిటంటే, పథకం. తుంగభద్రకు పుష్కరాలు 2008లో వచ్చాయి, మళ్లీ 2020లో వచ్చాయి. అక్రమ లేఔట్ల పాపాలు కడిగే జీవో 2007 డిసెంబరు 31న వచ్చి 2008లో అమలైంది. 2020 జనవరిలో ఇంకో జీవో వచ్చింది. నదికీ జీవోకూ ముహూర్తాలు అట్ల కుదిరాయి. అయితే నదిలో మళ్లీ మునగాలంటే 2032 దాకా ఆగాలి. జీవోకు అంత ఓపిక లేదు, 2025లోనే ఇంకోసారి వచ్చేసింది. అక్రమ భవనాలనైతే మరింత దయతో చూశారు: 2008, 2015, 2019, 2025. ప్రతిసారీ ఇదే ఆఖరు అవకాశం అన్నారు. పార్టీలు ఒకరి పథకాలను ఒకరు రద్దు చేసుకునే రాష్ట్రంలో, ఎవరు గెలిచినా ఆగనిది ఇదొక్కటే.

2020 పథకంలో ఒక అంశం చెప్పుకోవాలి. పార్కుకు 10 శాతం వదలని లేఔటులో ప్లాటు ఉన్నవాడు ప్లాటు విలువలో 14 శాతం కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చన్నారు. అంటే పార్కును మింగింది ఒకడు, అరిగించుకోవడానికి డబ్బు కట్టేది ఇంకొకడు. డబ్బు కట్టినంత మాత్రాన పార్కు వస్తుందా అని అడక్కండి. చలానా వస్తుంది. దాన్ని నేల మీద పరిస్తే ఇద్దరు పిల్లలు పులిజూదం ఆడుకోవచ్చు.

ఇక పేదవాడి ఇల్లు. ఇక్కడ మాత్రం ప్లానింగు అంటే ప్లానింగే, అంగుళం తేడా రాదు. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా ముప్పై లక్షల పైచిలుకు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటంటే 48.4 గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు, లక్షా ఎనభై వేల రూపాయల సాయం. 2024 ఎన్నికల్లో పట్నంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు సెంట్లు అన్నారు. వేలంపాట ఇట్లే సాగితే మన మనవళ్ల కాలానికి ఎకరా చేరుకుంటుంది. ఆ ఎకరాకు నీళ్లు యాడ నుంచి వస్తాయన్నది మాత్రం ఏ మేనిఫెస్టోలోనూ ఉండదు. ఆదోని కుళాయిల్లో నీళ్లు ఎప్పుడొస్తాయో తుంగభద్ర దిగువ కాలువ చెప్పాలి, కాలువలో నీళ్లు ఎప్పుడొస్తాయో డ్యాము చెప్పాలి. ఆ డ్యాము ఉన్నది కర్ణాటకలో.

సెంటు స్థలానికి అన్నలాంటివి టిడ్కో ఇళ్లు, అంటే పట్టణ పేదలకు సర్కారు కట్టే అపార్ట్‌మెంట్లు. 300, 365, 430 చదరపు అడుగులు, నాలుగు అంతస్తులు. కట్టడం మొదలయ్యాక ఒక ప్రభుత్వం పోయింది, ఇంకోటి వచ్చింది, అదీ పోయింది, మొదటిది తిరిగొచ్చింది. ఈ మధ్యలో రాష్ట్రంలో చాలాచోట్ల లబ్ధిదారుడి చేతికి తాళం రాకముందే బ్యాంకు నోటీసు వచ్చింది. ఇంటి నెంబరు కంటే ముందు లోను నెంబరు కంఠతా వచ్చింది.

ఎమ్మిగనూరులో దీనికో ప్రత్యేకత ఉంది. ఇది మగ్గాల ఊరు. మాచాని సోమప్ప 1938లో నేతకారుల సహకార సంఘం పెట్టి ఈ ఊరి దుప్పటిని దేశమంతా కప్పించాడు. నేతగానికి ఇల్లంటే పడక ఒక్కటే కాదు. కాళ్లు దించుకుని కూర్చుని తొక్కుడు పలకలు ఆడించడానికి నేలలో గుంత కావాలి, పడుగు సాపడానికి పొడుగాటి వసారా కావాలి. అట్లాంటి ఇంటి మనిషికి అపార్ట్‌మెంటులో ఇల్లు ఇస్తే సంభాషణ ఇట్ల సాగుతుంది:

“సారూ, మగ్గం గుంత యాడ తవ్వుకోవల్ల?”

“ఇది మూడో అంతస్తమ్మా.”

“దానికే అడుగుతుండా సామీ. కిందింటోళ్లను ఒక మాట అడిగి తవ్వల్లనా, మీరే చెబుతారా?”

సారు ఫైల్లో రాసుకుంటాడు: ‘లబ్ధిదారు సుముఖంగా లేరు.’

సెంటు స్థలంలో కట్టుకునేవాళ్ల బాధ వేరే. అక్కడ ఇటుకల కంటే ముందు కావాల్సింది సిగ్నల్. ఒక్కో దశకు ఒక్కో ఫోటో తీసి, జియోట్యాగ్ చేసి, యాప్‌లో ఎక్కిస్తేనే బిల్లు కదులుతుంది. కాలనీ ఊరికి దూరం, కాబట్టి సిగ్నల్ కూడా దూరం. వార్డు సచివాలయం పిల్లోడు శ్లాబు ముందు ఇంటావిడను నిలబెట్టి, ఫోను పైకెత్తి, కుడికి తిరిగి, ఎడమకు తిరిగి, చివరికి ఇసుక కుప్ప ఎక్కుతాడు. స్క్రీను మీద చక్రం తిరుగుతుంటుంది.

“లొకేషన్ దొరకడం లేదక్కా.”

“నేను ఈడనే ఉండా గదప్పా, ఇంగ యాడ ఎతుకుతుందది?”

చౌక డిపోలో వేలిముద్రకూ సిగ్నల్ కావాలి, ఉపాధి పనిలో హాజరు ఫోటోకూ కావాలి. 2023 జనవరి నుంచి కూలోళ్ల హాజరు కూడా యాప్‌లోనే. మనిషి ఎదురుగా ఉన్నా సర్వరు ఒప్పుకుంటేనే ఉన్నట్టు. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయే కూలోళ్లకు అక్కడ కూలీతో పాటు సిగ్నల్ కూడా దొరుకుతుంది.

మరి టవర్ పెడితే పోలా? పెడతారు. ఇక్కడే మన సూత్రానికి ఢిల్లీ ముద్ర పడింది. 2016 నవంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వ స్థలంలో టవర్ కోసం వచ్చిన దరఖాస్తును స్థానిక సంస్థ 60 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్కగా ఉండేది. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు, ఢిల్లీవాళ్లు మిగతా సగం కూడా కలిపేశారు. 2022 ఆగస్టు సవరణతో ప్రైవేటు స్థలమైతే అసలు అనుమతే అక్కర్లేకపోయింది. పని మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా తెలిపి, కట్టడం బరువు మోస్తుందని స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చిన సర్టిఫికెట్టు నకలు జతచేస్తే సరిపోయేది. 2025 జనవరి 1 నుంచి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద కొత్త నిబంధనలు వచ్చాయి. గడువు దాటితే అనుమతి వచ్చినట్టే అన్న వరం వాటిలోనూ ఉంది. ఇనప టవర్‌కు ఇంత మర్యాద జరుగుతుంటే ఇసుక కుప్పెక్కిన పిల్లోడు ఇంకా చక్రం చూస్తూనే ఉన్నాడు.

టవర్ లేచిన మర్నాడు వీధి కూడా లేస్తుంది. ‘రేడియేషన్! పిల్లలున్న వీధి! ఖబడ్దార్!’ అర్జీలు, బైఠాయింపు, ఫోన్లలో వీడియోలు. ఆ వీడియోలు అప్‌లోడ్ అయ్యేది ఆ టవర్ పుణ్యానే. రెండో రోజు తెలుస్తుంది, మేడ యజమానికి నెలనెలా బాడుగ వస్తుందని. మూడో రోజు శిబిరంలో సగం మంది తగ్గి, ‘మా మేడ ఇంకా ఎత్తు గదా సారూ’ అంటూ కంపెనీవాడి నెంబరు కోసం తిరుగుతుంటారు. రేడియేషన్ గుణం అది, పక్కింటి మేడ మీదుంటే ప్రాణాంతకం, మన మేడ మీదుంటే పెన్షను. ఆ ఆశ కనిపెట్టిన మోసగాళ్లు ‘మీ స్థలంలో టవర్ పెడతాం, లక్షల అడ్వాన్సు, ముందు ఫీజు కట్టండి’ అని ఫోన్లు చేసి ముంచుతున్నారు. నమ్మొద్దని ట్రాయ్ ఎన్నిసార్లు మొత్తుకున్నా నమ్మేవాళ్లకు కొదవ లేదు.

నిజానికి రేడియేషన్ సంగతి కొలిచి తేల్చుకోవచ్చు. 2012 సెప్టెంబరు నుంచి మన పరిమితి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో పదో వంతే. ఇలాంటి బలహీన సంకేతాల వల్ల జబ్బులు వస్తాయనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అనుమానముంటే కేంద్రం 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో 4,000 రూపాయల ఫీజు కట్టండి, వచ్చి కొలిచి కాగితం ఇస్తారు. వీధిలో అడగాల్సిన అసలు ప్రశ్న వేరే. అనుమతి లేకుండా లేపిన మూడో అంతస్తు మీద, ఉబ్బి కుంగే నల్లరేగడి పునాది మీద, ఆ ఇనుము బరువు నిలుస్తుందని ఏ ఇంజినీరు సంతకం పెట్టాడు? ఆ ప్రశ్నకు మైకు ఎవరూ అందుకోరు. ఎందుకంటే ధర్నా చేసేవాళ్ల మూడో అంతస్తులకూ అనుమతి లేదు, అంతా వచ్చే పథకం కోసం ఎదురుచూస్తున్నవాళ్లే.

పన్ను సంగతీ చూడండి. టవర్ మీద ఆస్తి పన్ను వేసుకోవచ్చని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 చట్టమేమో టెలికాం నెట్‌వర్క్‌ను అది నిలుచున్న ఆస్తి నుంచి వేరుగా చూడమంది. టవర్ ఇప్పుడు త్రిశంకుడు. మేడ మీద ఉంటుంది, మేడలో భాగం కాదు. కింద కాపురముండేవాడు మాత్రం ఆరునెలలకోసారి భూమ్మీద ఉన్నందుకు పన్ను కడుతుంటాడు.

ఇంత జరుగుతుంటే కౌన్సిల్ ఏం చేస్తోంది? 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినప్పుడు పట్టణ సంస్థలకు చెందాల్సిన పనుల జాబితా 12వ షెడ్యూలులో చేరింది. అందులో మొట్టమొదటి పని పట్టణ ప్రణాళిక. ఆచరణలో లేఔట్ క్రమబద్ధీకరణ అమరావతి జీవోతో, టవర్ ఢిల్లీ నిబంధనతో, టిడ్కో కార్పొరేషన్‌తో నడుస్తాయి. కౌన్సిల్‌కు మిగిలింది టేబుల్ అజెండా, టీ, బిస్కెట్లు. 2019 అక్టోబరు 2 నుంచి వార్డు వార్డుకూ సచివాలయం ఉంది, అందులో ప్లానింగ్ కార్యదర్శి అని ఒక ఉద్యోగి కూడా ఉన్నారు. ఊరు ఎటు పెరగాలో చెప్పే అధికారం ఆ కుర్చీకి లేదు. ఎటు పెరిగిపోయిందో రాసుకునే రిజిస్టరు మాత్రం ఉంది.

కాబట్టి ఆదోని, ఎమ్మిగనూరు వాసులకు ఒక విన్నపం. ప్లాటు కొనే ముందు ఆర్చి చూడొద్దు, మున్సిపల్ టౌన్ ప్లానింగు విభాగానికి పోయి ఆ లేఔటు ఎల్పీ (లేఔట్ పర్మిట్) నెంబరు అడగండి. 10 శాతం స్థలం ఏ సర్వే నెంబరులో ఉందో, మున్సిపాలిటీ పేరిట రాసిచ్చారో లేదో దస్తావేజు నకలు అడగండి. మీ వార్డులో మున్సిపాలిటీకి చెందిన ఖాళీ స్థలాలు ఎన్నో, వాటిలో ఇప్పుడు ఎవరు కాపురమున్నారో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, ఫీజు పది రూపాయలే. టవర్ లేస్తే స్ట్రక్చరల్ సర్టిఫికెట్టు నకలు చూపించమనండి. ఇవన్నీ పని మొదలుకాక ముందే అడగండి. తర్వాత అడిగితే మీకు దొరికేది జవాబు కాదు, ఇంకో పథకం. దాని ఫీజు కూడా మీరే కట్టాలి.