‘అండర్‌టేక్’ పద వ్యాఖ్యానము

మూలము: ఐ హియర్‌బై అండర్‌టేక్ టు డూ ద నీడ్‌ఫుల్.

అవతారిక: పాసుబుక్కు పోగొట్టుకొన్న ఖాతాదారుడొకడు, ‘అండర్‌టేకింగ్ రాసివ్వండి’ అని బ్యాంకు గుమస్తా సెలవీయగా, తెల్లకాగితమును, పక్కవాని పెన్నును సంపాదించి ఈ వాక్యమును పలుకుచున్నాడు.

ప్రతిపదార్థము: ఐ = నేను (పోగొట్టుకొన్న పాపిని); హియర్‌బై = ఇందుమూలముగా; అండర్‌టేక్ = పూనుకొని మాట యిచ్చుచున్నాను; టు డూ = చేయుటకు; ద నీడ్‌ఫుల్ = కావలసినదానిని. ఎవరికి కావలసినది అని అడుగరాదు.

తాత్పర్యము: ఏమి చేయవలెనో తెలియదు గాని తప్పక చేసెదను, ముందు నా పని కానిండు.

విశేషములు: ‘అండర్’ అనగా క్రింద, ‘టేక్’ అనగా పుచ్చుకొనుట, కావున బల్లక్రింద పుచ్చుకొనుటయే అండర్‌టేక్ అని కొందరు లౌకికులు. అర్థము అనుభవసిద్ధమే, వ్యుత్పత్తి మాత్రము కుదరదు. ‘టేక్’ ఆంగ్లేయుల సొంత సొత్తు కాదు, వైకింగుల నార్సు భాష నుండి వచ్చినది. అంతకుముందు వారు ‘నిమన్’ అనెడివారు. దాని జ్ఞాతి జర్మనులయొద్ద నేటికిని కలదు: ‘ఉంటర్‌నేమన్’. క్రియగా పూనుకొనుట, నామముగా కంపెనీ. మన పబ్లిక్ సెక్టార్ అండర్‌టేకింగుల పేరును ఈ తీరుననే ఏర్పడినది.

మరి తెలుగున? తలపెట్టినవాడు ఇంకను మొదలుపెట్టలేదు. నెత్తికెత్తుకొన్నవాడు సాధారణముగా ఎదుటివాని పనినే ఎత్తుకొనును. భుజాన వేసికొన్నవాడు పదిమందికి కనబడునట్లు వేసికొనును. చేపట్టుటకు పెండ్లియాడుట యను అర్థము కూడ గలదు గనుక, విడుచుట కష్టము. ఇవన్నియు పైపై అవయవములే, ‘అండర్’ ఎక్కడ? బండికి ఎద్దులను పూన్చుట వినలేదా? పూనుకొన్నవాడు తన మెడను తానే కాడి క్రింద పెట్టిన యెద్దు. కాబట్టి ‘పూనుకొను’ అనునదియే సరియైన ప్రతిపదము. చేపట్టు, తలపెట్టు అని వ్రాయు పత్రికలవారు మన్నింతురు గాక.

‘అండర్‌టేకర్’ గతి వేరు. ఒకప్పుడు ఏ పనిని ఒప్పుకొన్నవాడైనను అండర్‌టేకరే. 17వ శతాబ్దారంభమున ఐర్లండులోని అల్‌స్టరున భూములు పుచ్చుకొని వలసలు నిలిపెదమన్నవారికిని అదే పేరు. సర్వకార్యములకు సిద్ధపడినవానికి కడకు మిగిలినది అంత్యక్రియల గుత్త యొక్కటే. మా ఇంటి పిల్లలకు మాత్రము వాడు ట్రంప్ కార్డులమీది మల్లయోధుడు.

మూలము దాటనని, అనవసరము పలుకనని ప్రతిన పట్టిన వ్యాఖ్యాత కొలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. అదియు అండర్‌టేకింగే, స్టాంపు కాగితము లేకుండ. ఆయన పేరు తలచుకొని ‘నీడ్‌ఫుల్’ పదమునకును టీక వ్రాయబూనితిమి గాని, ఇంతలో కౌంటరుపై ‘లంచ్’ అను బోర్డు వెలసినది.