కుక్క తోక పట్టుకుని

పోయిన చలికాలం మా ఇంట్లో రిటైరైనవాళ్ళు 18 మంది. ఒకరు మా నాన్న. 33 ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి స్టీరింగు వదిలిన మనిషి. మిగతా 17 కుక్కలు. అలాస్కా మంచులో బండ్లు లాగి లాగి, కీళ్ళరిగి, పళ్ళూడి మా పంచన చేరినవి.

మేముండేది ఫెయిర్‌బ్యాంక్స్ ఊరవతల. చలికాలంలో ఒక్కోసారి మైనస్ 40కి దిగుతుంది. ఫారెన్‌హీటా, సెల్సియసా అని అడక్కండి. సరిగ్గా అక్కడే ఆ రెండూ కలుస్తాయి, వాదించుకునే ఓపిక వాటికీ ఉండదేమో.

ఇదంతా ‘ఒక్కటే కదా’ అన్న మాటతో మొదలైంది. ఆ మాట మా ఆవిడది. మాకు పది మైళ్ళ దూరంలో కుక్కల బండి తోలే పెద్దాయన ఒకాయన జబ్బుచేసి మంచాన పడ్డాడు. దాణా అయిపోయింది, కుక్కలకి పక్కటెముకలు లెక్కపెట్టుకునేట్టు తేలాయి. చుట్టుపక్కలవాళ్ళు తలా కొన్ని పంచుకున్నారు. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి వస్తూ మా ఆవిడ కారు వెనక సీట్లో ఒకదాన్ని ఎక్కించుకొచ్చింది. “ఒక్కటే కదండీ, వారం రోజులు.” ఆ వారం ఇంకా అవలేదు, ఇది ఆరో ఏడు. ఒక్కటీ బెంగపెట్టుకుందని తోడుకి రెండోది వచ్చింది. ఆ రెండూ కొట్టుకుంటున్నాయని, మధ్యస్థానికి మూడోది. తర్వాత్తర్వాత మమ్మల్ని అడగడం కూడా మానేశారు. ఊళ్ళో ఎవరింట్లో ముసలి కుక్క మిగిలినా బండి తిన్నగా మా గేటు దగ్గరికొచ్చి ఆగేది.

సినిమాల్లో చూసే నీలికళ్ళ బొచ్చు కుక్కల్ని ఊహించుకోకండి. ఇవి అలాస్కన్ హస్కీలు. వీటికి గోత్రం, ప్రవర ఏమీ లేవు. కెన్నెల్ క్లబ్బులవాళ్ళు అసలు జాతిగానే ఒప్పుకోరు. పరిగెత్తుతుందా, పెట్టింది తింటుందా, పాదాలు గట్టివా – పెళ్ళిచూపుల్లో అడిగేవి ఈ మూడే. అందువల్ల ఒకదానికి చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి, దాని సొంత తమ్ముడికి వేలాడుతుంటాయి. ఒక్కోటీ ఓ 20, 25 కిలోలు. పేర్లు పెట్టడంలో మాత్రం ఇక్కడివాళ్ళకో పద్ధతి ఉంది. ఒక ఈతలో పుట్టినవాటన్నిటికీ ఒకే వరస. మొదట్లో మాకొచ్చినవి మసాలా దినుసుల ఈత. పెప్పర్, జింజర్, క్యూమిన్. నాన్న దిగిన మర్నాడే వాటిని మిరియం, అల్లం, జీలకర్ర చేసేశారు. “ఇంకో టమాటా దొరికితే చారు పెట్టుకోవచ్చురా” అన్నారు. అంతకుముందు రోజు, అంటే దిగిన రోజు, అన్నది వేరు. గేటు దగ్గరే ఆగిపోయి, “ఒరే, ఉద్యోగానికని పంపితే కుక్కల కాపలాకి చేరావా?” అన్నారు.

వాటికి ఒక్కోదానికీ ఒక చెక్క గూడు, అందులో ఎండుగడ్డి. దుప్పట్లు పరిస్తే తడిసి గడ్డకడతాయి, గడ్డయితే దులిపేసుకుంటాయి. ఇంత శ్రమపడి ఇల్లు కట్టిస్తే ఎక్కువసేపు ఉండేది గూటి కప్పుమీద. మైనస్ 15 వాటికి మనకి సంక్రాంతి వాతావరణం లాంటిది. మంకీ క్యాపు మీద మఫ్లరు, దానిమీద మా ఆవిడ ఊలు శాలువా చుట్టుకుని నాన్న కిటికీలోంచి చూసి, “డాబామీద పడుకున్నాయ్, వేసవికాలం మనలాగే” అన్నారు. నిజంగా వేసవి వచ్చి 20 డిగ్రీలు దాటితే మాత్రం గోతులు తవ్వుకుని వాటిల్లో పడుండి, నాలుకలు వేలాడేసి మావైపు నిష్ఠూరంగా చూస్తాయి. ఎండ నేనే కాయిస్తున్నట్టు.

పొద్దున్నే వంట. దాణాని వేణ్ణీళ్ళలో నానబెట్టి, అందులో మాంసం ముక్కలు, కొవ్వు, చేపా వేసి కలపాలి. చలికాలం కుక్కలు ఉత్త నీళ్ళు ముట్టవు, ఇలా రుచి కలిపి మభ్యపెట్టి తాగించాలి. ఆ చేపక్కూడా ఇక్కడ ‘కుక్కల సాల్మన్’ అనే పేరు. మనుషులు మంచిది ఎంచుకున్నాక మిగిలే రకం. నాన్న బక్కెట్టులోకి తొంగిచూసి, “కుడితి” అని ఒక్క మాటలో తేల్చేశారు. నేను ఆరేళ్ళుగా ఆ పదార్థానికి పేరు వెతుక్కుంటున్నాను.

కుడితి పెట్టినవాడికి రెండోపని తప్పదు. 17 కుక్కలు, తలకి మూడుసార్లు తక్కువ కాకుండా. రోజుకి 50 పైచిలుకు. గట్టి చలిలో ఈ పని సుఖం, అన్నీ గులకరాళ్ళలా బిగుసుకుంటాయి. పారతో కొడితే టింగుమని ఎగురుతాయి. ఒకసారి ఒకటి ఎగిరి మా ఉత్తరాల డబ్బాకి తగిలి సొట్టపడింది. అసలు కథ ఏప్రిల్ చివర. మంచు కింద కంటపడకుండా దాక్కున్న ఆర్నెల్ల పాపం ఒకేసారి కరిగి పైకి తేలుతుంది. వసంతం మీద కవిత్వం రాయాలనుకునేవాళ్ళు ఆ వారం మా ఇంటికి రావాలి.

ఇక సంగీతం. తిండి అయ్యాక ఏదో ఒకటి ముట్టె పైకెత్తి శ్రుతి ఇస్తుంది, 17 గొంతులూ అందుకుంటాయి. రెండు నిమిషాలకి, ఎవరో చెయ్యి దించినట్టు, అన్నీ ఒక్కసారే ఆపేస్తాయి. అలా రోజుకి మూడుసార్లు. మొదటిసారి ఫోన్లో విని అమ్మ భయపడిపోయింది. “కుక్కలేడుస్తున్నాయేంట్రా, ఎవరు పోయారు?” కుక్క ఏడిస్తే చావుకబురన్న లెక్క ఇక్కడా వర్తిస్తే ఈపాటికి ఫెయిర్‌బ్యాంక్స్ ఊరు ఊరంతా ఖాళీ అయిపోవాలి.

బండి సంగతి చెప్పలేదు. ముసలివే అయినా వారానికి రెండుసార్లు ఓ నాలుగు మైళ్ళు లాగించకపోతే ఊరుకోవు. పటకా తగిలించే కొక్కేనికి చెయ్యి ఆనితే చాలు, 17 కుక్కలూ ‘నన్ను, నన్ను’ అని గగ్గోలు. ఎన్నిక చేసిన ఆరింటినీ తాడుకి కట్టేసరికి చెవుల్లో జోరీగలు. గాల్లోకి ఎగుర్తాయి, తాడు కొరుకుతాయి, కీచుమంటాయి. ఎదురుగా మనిషి అరిచినా వినపడదు. అప్పుడు బండిని చెట్టుకి కట్టిన ముడి లాగుతాం. అంతే, చప్పుడు మొత్తం తెగిపోతుంది. కింద చెక్కల జారుడు, ముందు ఊపిర్లు. ఇంత నిశ్శబ్దం నేను గుళ్ళో కూడా వినలేదు. అయితే తోలేవాడి కళ్ళముందుండేది ఆరు తోకలే. అవి పరిగెడుతూనే కాలకృత్యాలు కానిచ్చేస్తాయి గనక ఆ భక్తిభావం ఎక్కువసేపు నిలవదు.

ఈ విద్యకి మొదటి సూత్రం: ఏం జరిగినా బండి వదలకు. మొదటిసారే నేను వదిలాను. మలుపులో బండి ఒరిగింది, నేను వెల్లకిలా మంచులో పడ్డాను. లేచి చూస్తే తోకలు దూరంగా, చిన్నగా, ఎంతో హాయిగా వెళ్ళిపోతున్నాయి. బరువు తగ్గిందని సంతోషించాయేగానీ వెనక్కి ఒక్కటి తిరిగితే ఒట్టు. రెండు మైళ్ళు నడిచాను. బండి పొదలో ఇరుక్కుని, తాళ్ళు చిక్కుపడి, ఆరూ కూర్చునున్నాయి. ముందు కట్టిన జీలకర్ర నావైపు చూసిన చూపు నాకు తెలిసిన చూపే. బస్సు స్టార్టు చేసుక్కూర్చున్నాక టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చే ప్యాసింజరుని నాన్న అలాగే చూసేవారు.

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టని మనవాళ్ళు ఎగతాళి చేస్తారుగానీ, ఈ దేశం కొస చాలాకాలం ఆ తోక పట్టుకునే బతికింది. తపాలా కుక్కల బండిమీదే వెళ్ళేది. విమానాలొచ్చాక కూడా, చివరి తపాలా బండి ఆగింది 1963లో.

తోలేటప్పుడు కుడికి ‘జీ’, ఎడమకి ‘హా’ అంటారు. కళ్ళాలుండవు, నోటిమాటే. విని నాన్న తేలిగ్గా తీసిపారేశారు. “దీనికేముందిరా! మీ తాత అరకకట్టి వలపట, దాపట అనేవాడు. ఎడ్లకి చెప్పిందే కుక్కలకి చెప్పారు.” నవ్వి ఊరుకుందామనుకున్నాగానీ ఆయన చెప్పిందే నిజం. ఇంగ్లీషు రైతులు నాగలికి కట్టిన పశువులకి చెప్పిన మాటలే ఇవి. బండికి అన్నిటికంటే ముందు దారి పట్టేవి నాయకులు, చివర బండికి ఆనుకుని బలమైనవి రెండు. మొదటి కుదుపు వాటిమీదే పడుతుంది. “వెనక టైర్లు” అన్నారు నాన్న. నాకు మా బండి ఆ రోజే సరిగ్గా అర్థమైంది.

ఒక రాత్రి ఆయనకి బాల్టో అనే కుక్క కథ చెప్పాను. 1925 జనవరి, నోమ్ ఊళ్ళో పిల్లలకి కంఠసర్పి. మందు నెనానా దాకా రైల్లో వచ్చింది. నెనానా మా పక్కూరే అనుకోండి. అక్కణ్ణించి 1,085 కిలోమీటర్లు మంచు. తపాలా బండికి మామూలుగా 25 రోజులు పట్టే దారి. 20 మంది తోలేవాళ్ళు, 150 దాకా కుక్కలు, ఒకరి చేతిలోంచి ఒకరికి అందించుకుంటూ అయిదున్నర రోజుల్లో చేర్చారు. అందరికంటే ఎక్కువ దూరం పరిగెత్తిన బండికి ముందున్నది టోగో, అప్పటికే 12 ఏళ్ళ ముసలిది. ఊళ్ళోకి తెచ్చిన చివరి బండికి ముందున్నది బాల్టో. ఆ ఏడే న్యూయార్కులో విగ్రహం పెట్టారు, బాల్టోకి.

“అంతేరా,” అన్నారు నాన్న. “రాత్రంతా తోలినవాడు డిపోలో బెంచీమీద పడుకునుంటాడు. తెల్లారి బస్టాండులోకి తెచ్చినవాడికి దండేస్తారు.” ఆ కంఠంలో ఏదో పాత కేసు ఉంది. నేనడగలేదు.

అయితే ఆ దండ వాడిపోవడానికి రెండేళ్ళు చాలాయి. బాల్టో, దాని జట్టూ లాస్ ఏంజిలెస్‌లో ఒక చౌకరకం ప్రదర్శనలో గొలుసులతో తేలాయి. జార్జ్ కింబుల్ అనే క్లీవ్‌లాండ్ వ్యాపారి చూసి కదిలిపోయి, ఊరికి కబురంపాడు. బడిపిల్లలు పైసలు పోగేశారు. 2,000 డాలర్లు పోగయ్యాయి. 1927 మార్చిలో ఏడు కుక్కలూ క్లీవ్‌లాండ్ జంతుశాలకి చేరాయి, ముసలితనం అక్కడే గడిచింది. ఇదంతా విని నాన్న ఏమీ అనలేదు. మర్నాడు కుడితిలో చేప ముక్కలు రెట్టింపు పడ్డాయి. మా ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది.

బయట బతికిన కుక్కలకి ఇల్లు కొత్త. మెట్లెక్కడం రాదు, గాజు తలుపు తెలీదు, ఫ్యాను తిరిగితే పిల్లి మీదికొచ్చినట్టు మొరుగుతాయి. మొదటిసారి అల్లం సోఫా ఎక్కి గుండ్రంగా మూడుసార్లు తిరిగి పడుకోగానే, నాన్న సింహాసనం మీద కుక్కని కూర్చోబెట్టడం గురించిన పద్యం అందుకున్నారు. రెండో పాదం చేరేలోగా అది తల తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. పద్యం అక్కడితో ఆగింది. ఆర్నెల్లూ మళ్ళీ మొదలవలేదు.

జీలకర్రకి ఇప్పుడు పన్నెండేళ్ళు. ఒక కన్ను తెల్లబడింది, బండికి కట్టడం మానేశాం. అయినా తెల్లవారుజామున నాలుగింటికి లేచి పటకాలు తగిలించిన గోడ దగ్గర నిలబడుతుంది. పోయిన చలికాలం ఒంటరిగా నిలబడలేదు. పక్కన నాన్న, కాఫీ గ్లాసుతో. ఆయనది ఒకప్పుడు నాలుగున్నర సర్వీసు. బయట కటిక చీకటి, తెల్లారడానికి ఇంకా ఆరుగంటలు. ఇద్దరూ ఆ గోడకేసి చూస్తూ పావుగంట నిలబడి, బండి క్యాన్సిలైందని కబురొచ్చినట్టు వెనుదిరిగి, హీటరు దగ్గర చెరోపక్కా పడుకునేవాళ్ళు.

నాన్న మార్చిలో వెళ్ళిపోయారు. ఫోన్లో ముందు జీలకర్ర తిందా అని అడుగుతారు, తర్వాత నా ఉద్యోగం. మంచుకొండలమీద ధర్మరాజు వెంట నడిచింది ఒక్క కుక్కే, దానికే రథం దిగిందంటారు. మాకు 17 ఉన్నా వచ్చేది దాణా లారీ ఒక్కటే.

నిన్న మళ్ళీ గేటు దగ్గర బండి ఆగింది. జున్నుల ఈతలోదట, పేరు చెడ్డార్, తొమ్మిదేళ్ళు, మనిషి వాసనకే తోకాడిస్తుంది. మా దగ్గర గూడు లేదు. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళెవరైనా పెంచుకుంటామంటే గడ్డి, పటకా, నెలకి సరిపడా దాణా మేమే ఇస్తాం. పాత సోఫా ఒకటి మీరు చూసుకోండి. తీసుకెళ్ళేటప్పుడు మాత్రం దయచేసి ‘ఒక్కటే కదా’ అనకండి.