నురగకు నాలుగుంబావు మార్కులు

హైదరాబాద్‌లో బీరు తాగేవాళ్లు తగ్గిపోతున్నారు, రుచి చూసేవాళ్లు పెరిగిపోతున్నారు. రెండింటికీ తేడా ఏముందని అడిగితే మీరింకా బోధన్ బస్టాండులోనే ఉన్నారన్నమాట. తాగేవాడు సీసా ఎత్తుతాడు, గొంతులో పోసుకుంటాడు, మూతి తుడుచుకుని ఇంటికి పోయి తిట్లు తింటాడు. రుచి చూసేవాడు ముందు గ్లాసును లైటుకు ఎదురుగా, ఎక్స్‌రే చూసే ఎముకల డాక్టరులా పట్టుకుంటాడు. తిప్పుతాడు. ముక్కు దించుతాడు. కళ్లు మూస్తాడు. చెంచాడు బీరు నోట్లో పోసుకుని ఇటూ అటూ ఆడిస్తాడు. అప్పుడు సెలవిస్తాడు: "మొదట నారింజ తొక్క, నడుమ పైన్ చెట్టు జిగురు, పోతూ పోతూ గుర్రం మీది దుప్పటి."

ఆ దుప్పటి నేను కల్పించింది కాదు. బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్టు పడ్డ బీర్లలో వచ్చే వాసనకు దేశదేశాల రసజ్ఞులు ఖాయం చేసిన పేరు అదే. బాగుంది. కానీ మాదాపూర్‌లో పుట్టి, పెళ్లి బరాత్‌లో తప్ప గుర్రాన్ని చూడని మన రసజ్ఞుడికి దాని దుప్పటి వాసన ఎప్పుడు తగిలింది? పైన్ చెట్టు సంగతీ అంతే. ఈ దిక్కున ఆ వాసన అందరికీ తెలిసింది బాత్‌రూం కడిగే సీసా నుంచే. ఆ ముక్క ఉన్నదున్నట్టు రాస్తే సమీక్షకు మర్యాద ఉండదు. అందుకే మనం చూడని అడవిని పిలిపిస్తారు.

2015లో తెలంగాణ సర్కారు మైక్రోబ్రూవరీలకు నియమాలు తెచ్చిన తర్వాత జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు రాగిరంగు ట్యాంకులు అద్దాల వెనక మెరవడం మొదలైంది. కూర్చోగానే చెక్క పీట మీద ఆరు బుల్లి గ్లాసులు వస్తాయి. వాటికంటే ముందు మెనూ కార్డు వస్తుంది. అసలు కీలకం ఆ కార్డే. "హెఫెవైజెన్: అరటిపండు, లవంగం" అని అందులో అచ్చు వేసి ఉంటుంది. రసజ్ఞుడు అది చదువుతాడు, గుటక వేస్తాడు, ఉలిక్కిపడతాడు: "అరె, అరటిపండు!" ఫోను తీసి ఐదుకు నాలుగుంబావు మార్కులు వేస్తాడు. నాలుగున్నర ఎందుకు కాలేదు, నాలుగు ఎందుకు కాలేదు అని అడగొద్దు. ఆ పావులోనే ఆయన పాండిత్యమంతా ఉంది.

అరటిపండును ఎవరూ అందులో వేయలేదు. గోధుమ మాల్టుతో చేసే ఆ జర్మన్ బీరుకు వాడే ఈస్టు, పులిసేటప్పుడు ఐసోఎమైల్ ఎసిటేట్ అనే ఎస్టరును పుట్టిస్తుంది. అరటిపండులోనూ ఉండేది అదే. లవంగం వాసన కూడా ఆ ఈస్టు చలవే, ఇంకో పదార్థం రూపంలో. అంటే బవేరియాలో తరతరాలుగా ప్రతి హెఫెవైజెన్‌లో వస్తున్న వాసనను, కార్డులో చదివి, శనివారం సాయంత్రం మనవాడు కనిపెట్టాడు. ఈస్టుకు దక్కాల్సిన దండ ఆయన మెడలో పడింది.

ఇంకా తమాషా వెన్న దగ్గర జరుగుతుంది. చాలా రకాల బీర్లలో వెన్న వాసన, బటర్‌స్కాచ్ చాక్లెట్ వాసన కొడితే దాన్ని దోషం కిందే లెక్కవేస్తారు. దాని పేరు డయాసిటైల్. పులియడం పూర్తికాకముందే తొందరపడి దించితే రావచ్చు, కుళాయి పైపులు సరిగా కడగకపోయినా రావచ్చు. పైపులు కడగని పాపానికి మన సమీక్షకుడు పెట్టిన శీర్షిక: "మనసు కరిగించే వెన్న పొర". ఇడ్లీ పిండి పుల్లబడితే మా ఇళ్లల్లో పిల్లవాడు కూడా పళ్లెం పక్కకు నెట్టి చెబుతాడు. వాడికి ఎవరూ మార్కులు వేయమనలేదు కాబట్టి నిజం చెబుతాడు.

నిజంగా చదువుకుని, పరీక్షలు రాసి, పోటీల్లో సీసా దాచిపెట్టి తీర్పు చెప్పేవాళ్లు ఉన్నారు. బీజేసీపీ అనే వ్యవస్థ స్కోరు కాగితంలో మొత్తం యాభై మార్కులు: వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటిలో నిండుదనానికి 5, మొత్తం మీద 10. చూపుకు మూడే! గ్లాసును ఐదు నిమిషాలు ఫొటోలు తీసే మనవాడికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. వాళ్లతో నాకు తగవు లేదు. అసలు బీర్లను రకాలుగా విడదీసి ప్రపంచానికి పరిచయం చేసింది 1977లో ఒక పెద్ద పుస్తకం రాసిన ఇంగ్లండు పత్రికా రచయిత. ఆయన పేరు మైకేల్ జాక్సన్. నాట్యం చేయలేదు, కష్టపడి ఊరూరూ తిరిగి రాశాడు. ఈనాటి శిష్యులు తిరగడం మానేసి నాట్యం పట్టుకున్నారు.

సీసా దాస్తే ఏమవుతుందో కూడా చూశారు పెద్దలు. 2014లో బయటికొచ్చిన ఒక ప్రయోగంలో ముగ్గురు పరిశోధకులు మూడు పేరుమోసిన యూరప్ లాగర్ బీర్లను, హైనెకెన్, స్టెల్లా ఆర్ట్వా, చెక్ దేశపు బుద్వార్, పేరు చెప్పకుండా గ్లాసుల్లో పోసి జనానికి ఇచ్చారు. మూడు గ్లాసుల్లో రెండింట్లో ఒకటే బీరు, మూడోది వేరు. ఆ వేరేది ఏదో చెప్పాలి. ఎక్కువ పందేల్లో జనం జవాబు కళ్లు మూసుకుని ఒక గ్లాసును చూపించినదానికంటే మెరుగ్గా లేదు. అంతకుముందు 2006లో అచ్చైన మరో ప్రయోగం అమెరికాలో కేంబ్రిడ్జి ఊరి పబ్బుల్లో జరిగింది. బీరులో కొన్ని చుక్కల బాల్సమిక్ వెనిగర్ కలిపి ఇచ్చారు. చెప్పకుండా ఇస్తే చాలామంది ఆ పులుపు బీరునే మెచ్చుకున్నారు. ముందే చెప్పి ఇస్తే మొహం చిట్లించారు. తాగాక చెబితే మాత్రం అప్పటికే నచ్చింది నచ్చినట్టే ఉంది. నాలుక కంటే చెవి ముందు తాగుతుందని తేలింది. మన రసజ్ఞుడికైతే చెవి కూడా కాదు, మెనూ చదివే కన్ను.

ఇక ఇండియా పేల్ ఏల్ పురాణం. ఆ గ్లాసు రాగానే ఉపన్యాసం తప్పదు: ఓడలో ఆర్నెల్లు, పాడైపోయే బీరు, దాన్ని కాపాడడానికి ప్రత్యేకంగా కనిపెట్టి దట్టించిన హాప్స్ పువ్వు. హాప్స్ బీరును నిలవ ఉంచుతాయి, నిజమే. లండన్‌లో బో దగ్గరి హాడ్జ్‌సన్ బ్రూవరీ నుంచి పేల్ ఏల్ కలకత్తాకు వచ్చిందీ నిజమే. కానీ నల్లటి పోర్టర్ బీరు కూడా అదే సముద్రం దాటి వచ్చి మామూలు సిపాయిల గొంతుల్లో చక్కగా దిగింది. పేల్ ఏల్ దొరలది. అయినా పేరులో ఇండియా ఉందని మనవాడు ఉప్పొంగిపోయి స్వదేశీ గౌరవం కింద ఒక పావు మార్కు ఎక్కువేస్తాడు.

ఈ మైక్రోబ్రూవరీ సువార్త నిజామాబాద్‌కూ రావచ్చని మాటలు నడుస్తున్నాయి. రానివ్వండి. పులియడం గురించి ఈ నేలకు పాఠం చెప్పేముందు మాత్రం కాస్త చరిత్ర తెలుసుకోవాలి. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931కి పూర్తయింది, కాలువ కింద చెరుకు లేచింది, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చక్కెర పోగా మిగిలిన మొలాసిస్ నుంచి ఆల్కహాల్ తీసే డిస్టిలరీ కూడా దానికి ఉండేది. గానుగ సీజనులో ఆ దారిన పోయిన ప్రతివాడికీ బస్సు కిటికీలోంచే టేస్టింగ్ నోట్స్ దొరికేవి: మొదట బెల్లం, నడుమ మడ్డి, చివర్న ముక్కు మూసుకోవడం. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించాక ఆ వాసన కూడా పోయింది. దాని మీద ఎవరూ నాలుగుంబావు వేయలేదు.

కల్లు సంగతికి వస్తే మా వాళ్ల సమీక్ష చిన్నది. ఈతదా, తాడిదా? తాడిదైతే పోతుతాడా, పండుతాడా, పరుపుతాడా? పొద్దటిదా, మాపటిదా? లొట్టి కడిగిందేనా? మోకు, ముత్తాదు కట్టుకుని చెట్టెక్కే గౌడన్నకు వినబడేలా అంటారు: "ఏం గౌడన్నా, ఇయ్యాల్టిదేనా ఇది? నీళ్లు పట్టిచ్చినట్టున్నవ్." గౌడన్న నొచ్చుకుంటాడు, "చెట్టు మీద ఒట్టు పటేలా" అంటాడు, ఇంకో ముంత పోస్తాడు. సమీక్ష ముగిసింది. చేసినవాడు ఎదురుగానే ఉన్నాడు కాబట్టి పైన్ చెట్ల అవసరం పడలేదు.

గీసిన చుక్క లొట్టిలో పడ్డప్పటి నుంచే గాలిలోని, కుండలోని ఈస్టుతో కల్లు తనంతట తాను పులుస్తుంది. సరిగ్గా ఇట్లాగే, విడిగా ఈస్టు కలపకుండా, గాలికి వదిలి పులియబెట్టే లాంబిక్ బీరు బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల తయారవుతుంది. దాని ముందు రసజ్ఞలోకం మోకరిల్లుతుంది. దొరికిన ఒక్క సీసాను ఏడుగురు పంచుకుని, "ఆ నేల ఆత్మ" అని కన్నీళ్లు పెట్టుకుంటారు. అదే పద్ధతిలో పులిసిన ఈత కల్లు వర్ని రోడ్డు పక్కన ముంతలో కనబడితే కారు అద్దం పైకెత్తుకుంటారు. బెల్జియం ఈగ వేరు, మన ఈగ వేరు.

అయితే మా కల్లును నెత్తిన పెట్టుకుని ఊరేగించే పని నాకు లేదు. పట్టణాల్లో కల్లు డిపోల సీసాల్లో చెట్టు ఎంతుందో చెట్టుకే తెలియాలి. చుట్టుపక్కల ఉన్న చెట్లకూ అమ్ముడుపోయే సీసాలకూ లెక్క కుదరదు. నీళ్లు, శాకరిన్, పైన క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం. చివరి రెండూ డాక్టరు చీటీ ఉంటే తప్ప మందుల దుకాణంలో ఇవ్వకూడని మాత్రలు. 2015లో దాడులు చేసి ఈ కల్తీ కల్లు ఆపినప్పుడు నిజామాబాద్ ఆస్పత్రిలో చేరినవాళ్లు తాగినవాళ్లు కాదు, ఆ రోజు దొరకనివాళ్లు. ఫిట్లు, వణుకు, పిచ్చిచూపులు. 2025 ఏప్రిల్లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు తాగి పదుల మంది మంచం పట్టారు. జులైలో కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి పీటలకు ఎంత దూరమో మీకు తెలుసు. రుచిలో సూక్ష్మాలు పట్టే ముక్కులన్నీ అప్పుడు జలుబు చేసి ఉన్నాయి.

మామూలు బీరు సంగతి చూడండి. 2025 జనవరిలో ధర పెంచలేదని, బకాయిలు రాలేదని యునైటెడ్ బ్రూవరీస్ రాష్ట్రానికి సరఫరా ఆపేసింది. టోకున కొనేది సర్కారు కార్పొరేషన్ ఒక్కటే, కాబట్టి వేరే దారి లేదు. ఆ కొద్ది రోజులూ జిల్లాలో వైన్స్ ముందు వినబడ్డ సమీక్ష మొత్తం రెండే ముక్కలు: "ఉన్నదా అన్నా?" "లేదు." తర్వాత సరుకు మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో 15 శాతం ధర పెరిగింది. మే నెలలో ఇంకో ప్రశ్న కలుస్తుంది: "చల్లగున్నదా?" ఎండకు కాగిన పెట్టెలో బీరు తడిసిన అట్టముక్క వాసన కొడుతుంది, ఆకుపచ్చ సీసాకు వెలుతురు తగిలితే ఇంకా పాడు వాసన వస్తుంది. దీనికి పక్కా రసాయన శాస్త్రం ఉంది. దాన్ని వాడి ఏ గోదాములో, ఏ లారీలో, ఎన్ని రోజులు ఎండిందో రాస్తే పదిమందికీ పనికొచ్చేది. అది రాస్తే పిలిచి ఉచితంగా పోసేవాళ్లు ఉండరు.

మా పసుపు మార్కెట్లో ఖరీదుదారు కాడిని చేత్తో విరుస్తాడు, లోపలి రంగు చూస్తాడు, ధర చెబుతాడు. అంచనా తప్పితే నష్టం ఆయన జేబులోంచే పోతుంది. అందుకే ఆయన నోట గుర్రం దుప్పటి మాట రాదు. రేపో మాపో ఎవరో ఒకరు నిజామాబాద్ పసుపుతో ఒక ఏల్ చేస్తారు, ఖాయం. "మట్టి, బంగారం, అమ్మమ్మ చేతి స్పర్శ" అని సమీక్ష కూడా ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు.

అది వచ్చిన రోజు రసజ్ఞులందరికీ బాన్సువాడలో ఆహ్వానం. మూడు స్టీలు గ్లాసులు పెడతాం, లోపలి రంగు కనబడదు. రెండింట్లో ఒకటే సరుకు, మూడోది వేరు. మెనూ కార్డు ఉండదు, ఫోన్లు గౌడన్న దగ్గర పెట్టాలి. ఆ వేరేది ఏదో చెప్పినవాళ్లకు ఈత కల్లు మేం పోస్తాం, కడిగిన లొట్టిదే. చెప్పలేనివాళ్లు అక్కడున్న అందరికీ గుడాలు, బోటి పెట్టించాలి. బోటి రెండు ప్లేట్లు.