నేను లింక్ ట్రైనర్‌ని

నాకు పసుపురంగు పొట్టి రెక్కలున్నాయి, తోక ఉంది. ఇంజను మాత్రం లేదు. పుట్టిన దగ్గర్నుంచీ నేల విడిచింది లేదు. అయినా పైలట్లు నా దగ్గరికి వచ్చి చదువుకునేవారు. మిగతా ఒళ్లంతా నీలం కాబట్టి నన్ను నీలిపెట్టె అనేవారు.

మాది సంగీతం ఇంట పుట్టిన వంశం. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రపు బింగ్‌హామ్టన్‌లో ఎడ్విన్ లింక్ తండ్రికి పియానోలు, ఆర్గన్లు చేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్ అంటే హార్మోనియానికి పెద్దన్న. తిత్తుల గాలితోనే పలుకుతుంది. విమానం నేర్చుకోవడానికయ్యే ఖర్చు చూసి ఎడ్విన్ ఆ తిత్తులనే ఓ బుల్లి విమానం కింద బిగించాడు. కర్ర కదిపితే ఒక తిత్తి ఉబ్బేది, మరొకటి కుంగేది. పెట్టె ముక్కు లేచేది, పక్కకు ఒరిగేది, గుండ్రంగా తిరిగేది. 1929లో తయారైన మా మూలపురుషుణ్ణి విమాన పాఠశాలలు పట్టించుకోలేదు. పాపం, వినోదపు పార్కుల్లో పిల్లల్ని ఎక్కించుకుని పొట్టపోసుకున్నాడు.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం విమాన టపాను ప్రైవేటు కంపెనీల నుంచి తీసి సైన్యానికి అప్పజెప్పింది. అది చలికాలం. సైనిక పైలట్లలో చాలామందికి నేలను చూస్తూ నడపడమే అలవాటు. మబ్బుల్లో, మంచులో, చీకట్లో కొన్ని వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. అప్పుడు సైన్యానికి లింక్ గుర్తుకొచ్చాడు. న్యూవార్క్‌లో ఆయన విమానం కోసం ఎదురుచూస్తున్న సైనికాధికారులు ఆ రోజు పాడు వాతావరణం చూసి ఇక రాడనుకున్నారట. ఆయన విమానంలోని పరికరాలనే నమ్ముకుని వచ్చి దిగాడు. సైన్యం ఆరు పెట్టెలు కొంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి మేం పదివేలు దాటాం. మాలో కూర్చుని నేర్చుకున్నవారు దాదాపు ఐదు లక్షలు. నేను ఆ యుద్ధకాలపు ఏఎన్‌టీ-18 రకాన్ని.

విద్యార్థి కూర్చోగానే మూత పడేది. ఇక అతనికి ఆకాశం లేదు, ఎదురుగా ఉన్న గడియారాల్లాంటి పరికరాలే. అసలు పేచీ చెవి లోపలుంది. అక్కడి సన్నటి గొట్టాల్లోని ద్రవం కదిలితేనే మనిషికి తిరుగుతున్నట్టు తెలుస్తుంది. మలుపు ఒకే తీరుగా సాగితే ద్రవం కూడా గొట్టంతోపాటే తిరిగి, మలుపే లేదనిపిస్తుంది. అప్పుడు విమానాన్ని సరిచేస్తే రెండోవైపు ఒరిగినట్టుంటుంది. ఆ మాట నమ్మి మళ్లీ వంచినవాళ్లు నేలను తాకేదాకా తేరుకోలేదు. ఒంటి మాట పక్కనపెట్టి ముల్లు మాట వినడం నేనిచ్చిన చదువు.

నాకన్నా ఘనమైనది బోధకుడి బల్ల మీద ఉండేది. మూడు చక్రాల చిన్న బండి, దాన్ని పీత అనేవారు. లోపల విద్యార్థి ఎటు తిప్పితే అటు కదులుతూ మ్యాపు మీద సిరాతో దారి గీసేది. విద్యార్థి రేడియో సంకేతాలు వింటూ ఆ దారి మధ్యలోనే రావాలి. దారికి ఒకపక్క మోర్స్ సంకేతంలో ‘ఏ’, రెండోపక్క ‘ఎన్’ వినిపించేవి. సరిగ్గా మధ్యలో ఉంటే రెండూ కలిసి ఒకే మోత. విద్యార్థి మధ్యలోనే వచ్చానని వాదించేవాడు. బోధకుడు కాగితం చూపించేవాడు. వాదన అక్కడితో సరి.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. నా పని కంప్యూటర్లు చేస్తున్నాయి. అమెరికా నిబంధనల్లో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు, అంటే పరికరాలే చూస్తూ నడిపే అర్హతకు కావలసిన 40 గంటల్లో 20 దాకా, బోధకుడు దగ్గరుండి నేర్పితే, ఆమోదం పొందిన ఉన్నతస్థాయి శిక్షణ పరికరంలో చేసినా చెల్లుతాయి. ఇంట్లో ఎక్స్-ప్లేన్ లాంటి సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంటే ఆ గంటలు లెక్కకు రావు. కానీ గాల్లో వేచి ఉండే చుట్టు అయిన హోల్డింగ్‌లోకి ఎటునుంచి వెళ్లాలి, రన్‌వేకు దారిచూపే రేడియో సంకేతమైన ఐఎల్‌ఎస్ పట్టుకోకముందే ఏ ఫ్రీక్వెన్సీ పెట్టాలి, రన్‌వే కనబడకపోతే ఏ ఎత్తున వెనుదిరగాలి అన్నవి చేతికి అలవాటవుతాయి. గాల్లో ఆపలేని విమానాన్ని అక్కడ ఆపి, తప్పిన చోటికే మళ్లీ వెళ్లవచ్చు. కుర్చీ కదలదు కాబట్టి చెవి చేసే మోసం మాత్రం అక్కడ తెలియదు. దానికి కదిలే యంత్రమో, అసలు విమానమో కావాలి, దగ్గర బోధకుడూ ఉండాలి.

కుర్రవాళ్లకు ఒక మాట. తెర మీద కొండలు, నదులు అందంగా ఉంటాయి, వాటి మోజులో పడకండి. మబ్బును కిందికి దించుకోండి, ఎదురుగాలిని పక్కగాలి చేసుకోండి, ఒక పరికరాన్ని చెడగొట్టుకోండి. దిగాక, సాఫ్ట్‌వేర్ గీసిన దారిని అచ్చువేసి మీ బోధకుడి ముందు పెట్టండి. బాగా నడిపానని మీరు చెప్పక్కర్లేదు, గీతే చెబుతుంది.