ఒంటికి ఆనకట్ట సంగతి తెలియదు

బెజవాడలో ఒళ్లు తగ్గించుకుందామనుకునేవారికి గురువుల కొరత లేదు. కృష్ణ ఒడ్డున ఆశ్రమం పెట్టిన మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే ముట్టవద్దంటారు. అదే ఊరి వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం మానేసి, రోజుకు 70 గ్రాములకు తగ్గకుండా కొబ్బరినూనో నెయ్యో పుచ్చుకోమంటారు. తలకు రాసుకునే నూనె గ్లాసులోకి దిగింది. చెరొక గురువును పట్టుకున్న మొగుడూ పెళ్లాల ఇంట్లో వంట ఎవరు చేస్తారో, ఎలా చేస్తారో ఊహించుకోండి. ఈ తగవు తెగేది కాదు గానీ, ఇలాంటిదే ఒకటి అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2018లో తేల్చారు. 609 మందిలో సగం మందికి కొవ్వు తగ్గించారు, సగం మందికి పిండిపదార్థం తగ్గించారు. ఏడాదికి మొదటి జట్టు సగటున 5.3 కేజీలు, రెండో జట్టు 6 కేజీలు తగ్గాయి. ఆ తేడాకు గురువును మార్చక్కర్లేదు.

కనక గొడవ ఏం తింటున్నామన్నది కాదు, తగ్గింది నిలుస్తుందా అన్నది. మనం డైట్ అని ముద్దుగా పిలుచుకునేదాన్ని ఒళ్లు కరువు అనే అనుకుంటుంది. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేశాక, 1855కి గానీ బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తి కాలేదు. ఆ కబురు ఒంటికి ఇంకా చేరినట్టు లేదు. గింజ తగ్గిందనగానే ఖర్చు తగ్గించి, ఆకలి పెంచి, గాదె నింపుకునే పనిలో పడుతుంది. టీవీ పోటీలో సగటున 58 కేజీలు తగ్గిన 14 మంది అమెరికన్లను ఆరేళ్ల తర్వాత చూస్తే, 41 కేజీలు తిరిగొచ్చేశాయి. అంతకన్నా అన్యాయం, వాళ్ల ఒళ్లు ఖర్చు పెట్టాల్సిన దానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువ ఖర్చు పెడుతోంది. అంటే ఇంచుమించు ఒక పూట భోజనం!

నోరు కట్టుకోలేక చెప్పే సాకులని కొట్టిపారేసేవారున్నారు. నోరు ఆర్నెల్లు కట్టుకోవచ్చు. ఏడో నెలలో ఆవకాయ రోజులొస్తాయి. జాడీకెత్తాక బేసిన్ అడుగున మిగిలిన ఎర్రటి నూనెలో, ఆవపిండిలో వేడన్నం వేసి, వేళ్లతో అంచులు తుడుస్తూ కలిపి, అమ్మ ముద్ద చేతిలో పెడుతుంది. అప్పటికే రెట్టింపు ఆకలితో ఉన్నవాడి మనోబలాన్ని అక్కడ పరీక్షించడం ధర్మం కాదు. మరి తగ్గి అలాగే ఉన్నవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లు తినేదానికి పేరుండదు, ముగింపు తేదీ ఉండదు. ముద్ద కాస్త చిన్నది, నడక కాస్త ఎక్కువ, అదే బతుకంతా. అలాంటిదానికి ఎవరూ సభ పెట్టరు, ఫ్లెక్సీ కట్టరు.

ఈలోగా సన్నబడ్డవారికి ఒక మాట. వదులైన చొక్కాలు బిగించేటప్పుడు గుడ్డ కోసేయొద్దని, లోపలికి మడిచి కుట్టమని టైలరుకు చెప్పండి.