సాగర్ గేజిని నేను

నాగార్జునసాగర్ ఆనకట్ట ఎగువ ముఖాన, అడుగులూ అడుగులో పదో వంతులూ గీసి ఉన్న గేజిని నేను. సముద్రమట్టం నుంచి నా లెక్క. పైన 590, అది పూర్తిస్థాయి నీటిమట్టం. 546 దగ్గర స్పిల్‌వే అంచు. దాని మీద 44 అడుగుల ఎత్తున 26 గేట్లు నిలబడి 590 దాకా నీళ్ళను పట్టి ఉంచుతాయి. ఇంకా దిగువన 510, కనీస నీటిమట్టం. నల్గొండ రైతుకు ఈ మూడు అంకెలూ నోటికి వస్తాయి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలిన నాటి నుంచి ఈ జిల్లాలో నాటు వేయాలా, ఆగాలా అన్నది ఆ అంకెలను చూసుకొనే తేల్చుకుంటున్నారు.

పొద్దుగాల ఆరింటికి నా దగ్గరికి మనిషి వస్తాడు. గాలి ఉన్న రోజు అతని పని కష్టం. అల నా మీద పైకి ఎక్కుతుంది, దిగుతుంది. ఎక్కిన చోటా దిగిన చోటా చూసి నడుమ అంకె పట్టుకోవాలి. ‘ఎంతుందే అన్నా?’ అని కొత్తగా చేరిన పిల్లగాడు తొందరపెడితే, పెద్దాయన ‘ఆగురా, అల పోనీ’ అంటాడు. ఆ ఓపిక అంటే నాకు ఎనలేని గౌరవం. ఎందుకో చెప్తాను.

జలాశయం గంపలాంటిది, అడుగున ఇరుకు, పైన వెడల్పు. 590 దగ్గర ఒక్క అడుగంటే దాదాపు 3 టీఎంసీలు. అంటే ఒక్క అంగుళం తేడా పావు టీఎంసీ. రోజంతా పారే 11,574 క్యూసెక్కులు ఒక టీఎంసీ అవుతాయి కాబట్టి, నా మీద అంగుళం తప్పు చదివితే ఆ రోజు లెక్కలో దాదాపు 2,900 క్యూసెక్కుల నీళ్ళు లేనివి ఉన్నట్టో, ఉన్నవి లేనట్టో అవుతాయి. పేపర్లో ‘ఇన్‌ఫ్లో’ అని పడే అంకె కూడా చాలావరకు ఇక్కడ పుట్టిందే. నిన్నటి మట్టానికీ ఇవాళటి మట్టానికీ మధ్య నిల్వ ఎంత మారిందో తీసి, కాలువలకూ కరెంటు కేంద్రానికీ గేట్ల గుండా కిందికీ పోయిన నీళ్ళను దానికి కలిపితే వచ్చేదే ఇన్‌ఫ్లో. నదిలో పడవ మీద పోయి, కరెంట్ మీటరు గిన్నెలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టి ప్రవాహం కొలిచేవాళ్ళు వేరే ఉన్నారు. కేంద్ర జల సంఘం మనుషులు కృష్ణ పొడవునా ఆ పని చేస్తారు.

నా ముందు నిండే నీళ్ళ కబురు నాకంటే ముందే బయలుదేరుతుంది. తంగిడి దగ్గర భీమను కలుపుకొని కృష్ణ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోకి వస్తుంది. జూరాల గేజి పెరిగిందంటే శ్రీశైలం లెక్కలు మొదలు, శ్రీశైలం గేట్లు లేచాయంటే ఇక్కడ సైరన్ మోగించే ఏర్పాట్లు. 2009 అక్టోబర్ మొదట్లో ఆ గొలుసు ఎంత అవసరమో తెలిసింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిపడ్డాయి. అక్కడ పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్ళు 896 దాటాయి. కర్నూలు మునిగింది, అలంపురం మునిగింది. ఆ రాత్రుళ్ళు నన్ను గంటగంటకూ చదివారు. టార్చి వెలుగులో నా మీద చదివిన అంకె ఫోన్‌లో చెప్పిన తర్వాతే గేట్ల మీద నిర్ణయం. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటాయి. అంత వరద మధ్య ఆనకట్టలు నిలిచాయంటే, నిద్ర మానుకొని గేజీలు చూసినవాళ్ళకూ అందులో పాలు ఉంది.

కరువు సంవత్సరాల్లో నన్ను చూసేవాళ్ళ ముఖాలు చూడలేను. 2016 వేసవిలో మట్టం 510 కిందికి దిగింది. పుట్టంగండి దగ్గర అత్యవసర మోటార్లు పెట్టి నీళ్ళు తోడారు. అక్కడి నుంచి అక్కంపల్లి జలాశయానికి పోయే నీళ్ళే హైదరాబాదుకు తాగునీరు, నల్గొండకూ తాగునీరు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎముకలను వంచేసిన ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళలో బిందెడు కృష్ణ నీళ్ళంటే పిల్లల కాళ్ళు నిటారుగా నిలవడం. అందుకే 510 దగ్గర ప్రతి పదో వంతూ నాకు బరువుగా ఉంటుంది.

రాష్ట్రాలు కృష్ణ నీళ్ళు పంచుకునే తగాదాలోనూ చివరికి గేజీల పుస్తకాలే సాక్ష్యం. బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ళ ప్రవాహాల లెక్క ముందు పెట్టుకొని, నాలుగేళ్ళలో మూడేళ్ళు నమ్ముకోదగ్గది 2,060 టీఎంసీలని తేల్చింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 800, వాడాక నదికి తిరిగి చేరే నీళ్ళతో కలిపి 811. ఆ పుస్తకాల్లో రోజూ అంకె వేసిన చేతుల పేర్లు ఎవరికీ గుర్తు లేవు. 2023 నవంబర్ చివర్లో ఇదే ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. అప్పుడూ నా మీద అంకె ఒక్కటే. ఆంధ్రకు ఒకటి, తెలంగాణకు ఒకటి లేదు.

అయితే నాకు ఒక దిగులు ఉంది. నేను చెప్పేది ఎత్తు మాత్రమే. ఆ ఎత్తుకు ఎన్ని నీళ్ళో చెప్పేది ఆఫీసులోని పట్టిక. మొదట్లో 590కి ఎదురుగా 408 టీఎంసీలు రాసి ఉండేవి. ఇవాళ 312. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన మట్టి ఇక్ష్వాకుల విజయపురి మునిగిన లోయలో ఏటా పేరుకుంటూనే ఉంది. నా మీద అంకె 590కి చేరినప్పుడు ఎడమ కాలువ చివరి భూముల రైతు ‘నిండింది’ అని సంబరపడతాడు. అది ఒకప్పటి నిండడం కాదని అతనికి చెప్పాలి. పడవల మీద పోయి జలాశయం అడుగును మళ్ళీ మళ్ళీ కొలిచి, ఆ పట్టికను సరిచేసి, పొద్దున్నే మట్టంతో పాటు అతని ఊళ్ళో బోర్డు మీద రాయాలి.