మా ఇంటి సెన్సార్ బోర్డు

మా ఇంటి సెన్సార్ బోర్డుకి అధ్యక్షుణ్ణి నేనే. ఎవరూ నియమించలేదు. రిమోట్ నా చేతిలో ఉంటుంది, అంతే. అప్పీళ్లు మాత్రం వంటింట్లో వింటారు.

అసలు బోర్డువాళ్లు 2024లో యూఏ సర్టిఫికెట్‌ని 7+, 13+, 16+ అని మూడు ముక్కలు చేశారు. మా ఇంట్లో 5 ఏళ్ల చిన్నది, 9 ఏళ్ల నడిపివాడు, 14 ఏళ్ల పెద్దది. టీవీ ఒక్కటే.

సెలవుల్లో ‘ద పైరేట్స్! బ్యాండ్ ఆఫ్ మిస్‌ఫిట్స్’ పెట్టాను. ఆర్డ్‌మన్ స్టూడియో 2012లో తీసిన సినిమా. బొమ్మల్ని ఇసుమంత కదపడం, ఫొటో తీయడం, మళ్లీ కదపడం. బ్రిటన్‌లో దీనికి ‘యు’ ఇస్తే అమెరికాలో ‘పీజీ’ ఇచ్చారు. అంత పెద్ద దేశాలకే కుదరలేదంటే ఇక నేను కలగజేసుకోక తప్పదు కదా!

కథ 1837 నాటిది. చేతగాని ఓడదొంగ కెప్టెన్‌కి ఆ ఏటి మేటి దొంగ బహుమతి కావాలి. దోచుకుందామని ఎక్కిన ఓడల్లో ఒకదాన్నిండా ప్లేగు రోగులు. (ముందు ట్రైలర్లో కుష్ఠు రోగులనే ఉండేది. ఆ రోగుల తరఫున పనిచేసేవాళ్లు మండిపడితే మార్చారు. మంచిపని.) ఇంకో ఓడలో ఒంటిమీద బట్టల్లేని జనం. అది రాగానే ఫార్వర్డ్ నొక్కాను. అప్పటిదాకా చిప్స్ ప్యాకెట్లో తల దూర్చిన నడిపివాడు లేచి కూర్చున్నాడు.

“నాన్నా, ఏం దాచావ్?”

వంటింటి తీర్పు మేరకు వెనక్కి తిప్పాను. కంగారులో బటన్ మారి బొమ్మ సరిగ్గా అక్కడే ఆగిపోయింది. రెప్పపాటులో పోయేదాన్ని తీరిగ్గా చూపించిన ఘనత నాది.

గడ్డం అతికించుకుని మగవాడిలా తిరిగే ఆడదొంగను ఓడలో ఒక్కడూ పోల్చుకోడు. పెద్దది పగలబడి నవ్వింది. నాకు దగ్గొచ్చింది.

“విక్టోరియా రాణి గద్దెనెక్కేనాటికి 18 ఏళ్లే కదా, ఈవిడేంటి ఇంత ముదురుగా ఉంది?” అంది పెద్దది, తెరమీదికి రాణి రాగానే.

“కామెడీ అమ్మా” అన్నాను. నాకు తెలియని ప్రతిదానికీ జవాబు అదే.

కోతలు కోయడం తప్ప ఏ పనీ సాగని ఆ కెప్టెన్ని చూసి మా ఆవిడ, “ఈయన్నెక్కడో చూశానండీ” అంది. నేను వినిపించుకోలేదు.

ఇక చిన్నది. కత్తులకు బెదరలేదు, ఫిరంగులకు చప్పట్లు కొట్టింది. దానికి కావలసిందల్లా పాలీ ఒక్కటే. దొంగలంతా చిలకనుకునే ఆ పక్షిని డార్విన్ చూసి డోడో అని తేలుస్తాడు. 17వ శతాబ్దంలోనే అంతరించిన జాతి మరి. బంగారానికి ఆశపడి కెప్టెన్ పాలీని రాణికి అప్పగిస్తాడు. ఆవిడేమో అరుదైన జీవాల్ని వండించుకు తినే రహస్య విందులకు పెద్ద. దిగంబరుల మీద నిఘా వేసిన నేను ఈ విందును అసలు లెక్కలోకే తీసుకోలేదు. చిన్నది నా చొక్కా పట్టుకుని చివరిదాకా వదల్లేదు. పాలీ బతికి బయటపడింది, నా గుండీ ఊడింది.

ఆదివారం కోడికూర వడ్డించాం. చిన్నది కంచంలోకి చాలాసేపు చూసింది.

“నాన్నా, దీని పేరేంటి?”

“పాలీ కాదమ్మా” అన్నాను, ధైర్యం చెబుదామని.

ముగ్గురూ పెరుగన్నం కలుపుకున్నారు. వాళ్లు గుడ్లప్పగించి చూస్తుండగా, విక్టోరియా మహారాణిలా మొత్తం కూర నేనే తిన్నాను.